కరగడమా, తొలగడమా?

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఫిరంగి గుండ్లతో పనేమిటని మీరనవచ్చు. గుండుతో పని లేదు గాని, మాటతో ఉన్నది. మా బెజ్జంకి విద్యార్థి ఒకడు 1965 యుద్ధాన్ని గురించి వ్యాసం వ్రాస్తూ, గుండు “టాంకు ఉక్కును కరిగించి లోపలికి దూరింది” అన్నాడు. ఈ మాట చాలామంది నోట వింటూనే ఉంటాము. వినడానికి బాగానే ఉన్నది. నిజం మాత్రం కాదు.

ఆ సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద హవల్దారు అబ్దుల్ హమీద్ జీపుపై అమర్చిన తుపాకితో పాటన్ టాంకులను ధ్వంసం చేసి, అక్కడే ప్రాణాలర్పించాడు. మరణానంతరం ఆయనకు పరమవీర చక్ర ప్రదానం చేశారు. ఏనుగువంటి టాంకు ముందు జీపు నిలిచిందంటే మొదటి కారణం సాహసమే. రెండవది, అటువంటి తుపాకులకోసం పుట్టిన బోలు గుండు.

ఈ గుండులో ప్రేలుడు మందుకు ముందువైపు గరాటువంటి గుంట ఉంటుంది. దానికి రాగి రేకు అస్తరు. గుంటలోని మహిమను 1888లో అమెరికాలో మన్రో అనే రసాయన శాస్త్రవేత్త గమనించాడు. ప్రేలుడు దిమ్మ మీద చెక్కిన అక్షరాలు దాని క్రింది ఉక్కు పలక మీద అచ్చుపడ్డాయట! మందు ప్రేలగానే రాగి రేకు అన్నివైపులనుంచి నడిమికి కుప్పకూలి, సన్నని ధారగా ముందుకు చిమ్ముతుంది. ధార కొన వేగం సెకండుకు 8 నుంచి 10 కిలోమీటర్లు. అంటే తుపాకి తూటాకు సుమారు పది రెట్లు.

మరి ఉక్కు కరగదా? కరగాలంటే 1500 డిగ్రీలకు దగ్గరగా వేడి లోపలికంటా ప్రాకాలి. ప్రాకడానికి వ్యవధి ఏదీ? సెకండులో వెయ్యోవంతు కూడా గడవకముందే అంతా ముగిసిపోతుంది. ఆ రాగి ధార సైతం వేడెక్కుతుందే గాని, చాలావరకు ఘనపదార్థంగానే ఉంటుంది. అయితే ధార తాకిన చోట పుట్టే ఒత్తిడి ముందు ఉక్కు గట్టిదనం లెక్కలోకి రాదు. రెండు లోహాలూ ద్రవాలలాగా ప్రవర్తిస్తాయి. గొట్టంతో ఇసుక కుప్ప మీదికి నీళ్ళు చిమ్మి చూడండి. గుంట పడుతుంది. ఇసుక కరిగిందా? లేదు, ప్రక్కలకు తొలగింది. ఉక్కుకు జరిగేదీ అదే.

1948లో బిర్కాఫ్, మరి ముగ్గురు శాస్త్రజ్ఞులు దీని లెక్క ప్రకటించారు. ధార ఎంత పొడవో, లక్ష్యంకన్న ఎంత సాంద్రమో, దానినిబట్టి లోతు. గట్టిదనానికి ఈ లెక్కలో చోటే లేదు. మా బెజ్జంకిలో నరసింహస్వామి వెలసిన గుట్ట రాయి ఉలికి ఓ పట్టాన లొంగదు. ఈ ధారకు మాత్రం ఉక్కుకంటె రాయే సులువు, ఎందుకంటే రాయి తేలిక!

ధారకూ ఒక బలహీనత ఉన్నది. కొన వేగం ఎక్కువ, తోక వేగం తక్కువ. అందుచేత సాగి సాగి చివరకు తునకలవుతుంది. తునకలు గతి తప్పితే లోతు తగ్గుతుంది. కనుక కవచం చేసేవారు ఉక్కును మందం చేయడంతో ఊరుకోక, వేర్వేరు పదార్థాల పొరలు పేర్చి ధారను చెదరగొట్టే ఉపాయం పట్టారు. అర్జున్ టాంకుకు తొడిగిన పొరల కవచం మన హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాలలో తయారయింది. ఆ పరిశోధనశాల ఉన్న కాంచన్‌బాగ్ పేరుమీదనే దానికి ‘కాంచన్’ అని పేరు. చిత్రమేమంటే, టాంకులను ఛేదించే ‘నాగ్’ క్షిపణిని రూపొందించిన ప్రయోగశాల ఉన్నదీ ఆ పేటలోనే. కత్తీ, డాలూ ఇరుగుపొరుగు!

ఒక్క మాటకు ఇంత రాద్ధాంతమా అనకండి. ఉక్కు కరుగుతుందని నమ్మినవాడు వేడికి ఓర్చే రేకుకోసం వెతుకుతాడు. తొలగుతుందని తెలిసినవాడు ధారను విరిచే పొరలు పేరుస్తాడు. టాంకు లోపల కూర్చున్న మన పిల్లలు ఇల్లు చేరేది ఆ రెండవవాని వల్లనే.