సెలవు రోజు ఎవరికి?

ఇంగ్లండ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక ఆదివారం అందరం కలిసి ససెక్స్‌లో క్లేటన్ ఊరి పైన గుట్ట మీదున్న పాత గాలిమరలు చూడ్డానికి బయల్దేరాం. ‘అందరం’ అంటున్నాను గానీ, తెల్లారి ఐదింటికి లేచింది నేనూ అమ్మాయీ మాత్రమే. పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాల్లో పెట్టి, పసివాడి పాలసీసాలు, బట్టలు సర్దాం. మగవాళ్ళిద్దరూ తొమ్మిదింటికి తయారై ‘ఇంకా కాలేదా?’ అన్నారు.

అక్కడి మరల పేర్లు జాక్, జిల్. తెల్లటి చెక్కమర జిల్‌ను 1821లో బ్రైటన్‌లో కట్టారు. 1852లో ఎద్దులతో, గుర్రాలతో లాగించి ఈ గుట్ట మీదికి తెచ్చారు. గాలి ఎటు మళ్ళితే అటు మర మొత్తం ఒక పెద్ద దుంగ మీద తిరుగుతుంది. లోపలి రాళ్ళు చూడగానే మా అమ్మ తిరగలి గుర్తొచ్చింది. ఇక్కడ గాలి చేసిన పని అక్కడ అమ్మ చేతులు చేశాయి. మర చారిత్రక కట్టడమైంది. అమ్మ కష్టం ఒట్టి ‘ఇంటిపని’గానే మిగిలిపోయింది.

తర్వాత ‘మీరు కూర్చోండి, మేం చూసొస్తాం’ అంటూ మగవాళ్ళు లోయ అంతా కనిపించే ఎత్తుకు నడిచారు. మేం సంచులకూ పసివాడికీ కాపలా. తిరిగొచ్చాక వడ్డించాం, గిన్నెలు తుడిచాం. అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. పిల్లాణ్ణి అల్లుడి చేతికిచ్చి అమ్మాయితో బయల్దేరాను. కొంత దూరం పోయాక అమ్మాయి అంది: ‘అమ్మా, వీడు పుట్టాక ఉత్త చేతులతో నడవడం ఇదే మొదలు.’

కూలి గిట్టుబాటు కాని ఆడవాళ్ళకు విహారాలేమిటని నవ్వేవాళ్ళుంటారు. నిజానికి ఎక్కువ అలిసేవాళ్ళకే విశ్రాంతి ఎక్కువ అవసరం. విశ్రాంతి, తీరిక ప్రతి మనిషి హక్కని 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం చెప్పింది. మన దేశం 1993లో ఆమోదించిన స్త్రీల వివక్ష నిర్మూలన ఒప్పందం వినోదంలోనూ సమానత్వం కోరింది. కానీ 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పిల్లల, వృద్ధుల సంరక్షణ ఇందులో కలపలేదు.

ఆ దేశంలో కొండల మీద నడిచే హక్కు కూడా ఊరికే రాలేదు. 1932లో కిండర్ స్కౌట్ కొండ మీదికి నిషేధాన్ని ధిక్కరించి వెళ్ళిన శ్రామిక యువకులు కొందరు జైలుపాలయ్యారు. బయలుభూముల్లో స్వేచ్ఛగా నడిచే హక్కుకు చట్టం 2000లో వచ్చింది.

కూలిరేట్ల గురించి, హింస గురించి, ఆస్తి హక్కు గురించి మన సంఘాల్లో మాట్లాడుతున్నాం. తీరికను మాత్రం మనమే విలాసమనుకుని పక్కన పెడుతున్నాం. ఈసారి సమావేశంలో ఒక్క ప్రశ్న అడుగుదాం: ‘ఉత్త చేతులతో మీరు చివరిసారి ఎప్పుడు నడిచారు?’ జవాబుల్ని రాసుకుందాం. మన కోర్కెల పత్రంలో కొత్త పేరా అక్కడ మొదలవుతుంది.