తండ్రీ కొడుకులు బండెక్కి కొండకి వెళితే...

ఈ వారం కూరలూ పచ్చళ్ళూ కాస్త పక్కన పెట్టి ఒక మగవాళ్ళ ముచ్చట చెప్తాను, వినండి. మీ ఇంట్లో ఎదిగిన మగపిల్లాడు ఉంటే ఇది మీకూ అక్కరకొచ్చే సంగతే. ఉప్మా కూడా ఉంది లెండి, మధ్యలో వస్తుంది.

మగపిల్లలు చిన్నప్పుడు నాన్న భుజం దిగరు. పద్దెనిమిదీ పంతొమ్మిదీ వచ్చేసరికి ఇద్దరికీ మాటలుండవు. "ఫీజు ఎప్పుడు కడతాడో నాన్నని అడుగమ్మా" అని వాడు. "పదింటికల్లా ఇంటికి రమ్మని వాడికి చెప్పు" అని ఈయన. ఇద్దరూ అదే హాల్లో ఉంటారు, అదే టీవీ చూస్తుంటారు. మధ్యలో మనం పోస్టాఫీసు. మీ ఇంట్లో ఇలా లేదంటే మీరు పెట్టిపుట్టారు.

మా వాడు ఇంజినీరింగు మొదటి ఏడాదిలో రెండు సబ్జెక్టులు తప్పాడు. తప్పినందుకు కాదు, మూడు నెలలు చెప్పకుండా దాచినందుకు మా వారికి కోపం. నలుగురి ముందూ అడిగినందుకు వాడికి రోషం. అక్కణ్ణించి ఆర్నెల్లపాటు ఇద్దరి ఉత్తరాలూ నేనే బట్వాడా చేశాను.

సంక్రాంతికి మా తమ్ముడు విశాఖపట్నం నుంచి ఎక్స్‌పల్స్ బండి మీద వచ్చాడు. "బావా, బండి ఇక్కడే వదిలేసి వెళతాను. మేనల్లుణ్ణి వెంటపెట్టుకుని లంబసింగి వెళ్ళి ఓ రాత్రి టెంటులో పడుకుని రా" అన్నాడు. మా వారు నవ్వేసి ఊరుకున్నారు. కానీ ఆ సాయంత్రం పెరట్లోకెళ్ళి బండి చుట్టూ రెండుసార్లు తిరగడం నేను వంటింటి కిటికీలోంచి చూశాను. పెళ్ళికి ముందు ఈయనకి ఆర్‌ఎక్స్ 100 ఉండేది. ఆ బండి తయారీ 1996లో ఆగిపోయినా ఆ కబుర్లు మాత్రం మా ఇంట్లో ఈనాటికీ ఆగలేదు.

డర్ట్ బైక్ అంటే ఏమిటో మీలో కొందరికి తెలియకపోవచ్చు. రోడ్డు లేని చోట, మట్టిలో, రాళ్ళలో నడవడానికి చేసిన బండి. ఎత్తుగా ఉంటుంది, ముందు చక్రం పెద్దది, టైర్లకి గుబ్బలుంటాయి. అసలు పందేల్లో వాడే డర్ట్ బైకులకి నంబరు ప్లేటుండదు, వాటిని రోడ్డెక్కించకూడదు. 2019లో వచ్చిన ఈ ఎక్స్‌పల్స్‌లాంటివి రెంటికీ పనికొస్తాయి, రిజిస్ట్రేషను ఉంటుంది. నేలకీ ఇంజనుకీ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం, అంటే ఇంచుమించు మన జానెడు.

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. మా వాడికి పంతొమ్మిది, లైసెన్సు ఉంది. మీ పిల్లాడికి పద్దెనిమిది నిండకపోతే ఎంత ఏడ్చినా హ్యాండిల్ ఇవ్వకండి. 2019లో చట్టం సవరించాక, మైనరు బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో బండిగలవాళ్ళకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళదాకా జైలు. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. పిల్లాడికి పాతికేళ్ళొచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. వెనక కూర్చున్నవాళ్ళకీ ఐఎస్‌ఐ మార్కు హెల్మెట్ ఉండాల్సిందే.

మా అత్తగారు ఒప్పుకోలేదు. "చలిలో పిల్లాణ్ణి కొండమీద పడుకోబెడతాడా వీడు?" అన్నారు. ఆవిడ భయమూ నిజమే. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని అర్థమట. డిసెంబరు, జనవరుల్లో వేడి ఒక అంకెకి పడిపోతుంది. కనుమ నాడు కాకైనా కదలదంటారు కనక, ముక్కనుమ కూడా వెళ్ళనిచ్చి మర్నాడు బయల్దేరదీశాను.

చలికి అందరూ పైన కప్పుకునే దుప్పట్ల గురించే ఆలోచిస్తారు. టెంటులో చలి కిందనుంచి పుడుతుంది. కప్పుకునేది ఒకటి తగ్గినా పరవాలేదు, కింద బొంత మందంగా ఉండాలి. ఇంకొకటి, ప్రాణం మీదికొచ్చేది. చలేస్తోందని కుంపటి గానీ, బొగ్గులు గానీ, గ్యాసు స్టవ్వు గానీ టెంటులోకి తీసుకెళ్ళకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఈ మాట ఇద్దరిచేతా చెరోసారి అప్పజెప్పించుకున్నాకే గుమ్మం దాటనిచ్చాను.

తిండి విషయానికొస్తే, పండగ వెళ్ళిన ఇల్లు కదా, అరిసెలూ జంతికలూ ఉండనే ఉన్నాయి. మొదటిపూటకి చింతపండు పులిహోర. రెండోరోజు పొద్దుటికి ఉప్మా పొడి కట్టాను. రెండు కప్పుల బొంబాయి రవ్వ దోరగా వేయించి తీసెయ్యండి. మూడు చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, సెనగపప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి వేసి, కరివేపాకు గలగలలాడేదాకా వేయించాలి. అందులో చిటికెడు శొంఠిపొడి, ఉప్పు, రవ్వ కలిపి పూర్తిగా ఆరాక కవర్లో బిగించండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వద్దు. తడి తగిలితే పాడవుతుంది. అక్కడ రెండున్నర కప్పుల మరిగే నీళ్ళలో కప్పు పొడి పోసి, నాలుగు నిమిషాలు కలిపి మూత పెడితే అయిపోయింది. మగవాళ్ళు కూడా చెడగొట్టలేని వంట.

దోమల మందూ, పొడుగు చేతుల చొక్కాలూ మరవకండి. ఏజెన్సీలో మలేరియా ఉంది. ఆ దోమ పొద్దుగుంకినప్పటినుంచి తెల్లారేదాకా కుడుతుంది. తిరిగొచ్చాక నెలరోజుల్లో చలిజ్వరం తగిలితే, అటు వెళ్ళొచ్చామని డాక్టరుతో ముందే చెప్పి రక్తం పరీక్ష చేయించాలి.

ఫోను సంగతి. కొండమీద చాలాచోట్ల సిగ్నలు ఉండదు. నర్సీపట్నంలో పెట్రోలు పోయించుకున్నాక ఒకటి, మర్నాడు కొండ దిగాక ఒకటి, రెండే ఫోన్లు అని ఒప్పందం చేసుకున్నాం. నేను చెయ్యను, వాళ్ళే చెయ్యాలి. నేను మాట్లాడితే మళ్ళీ "నాన్నకి చెప్పు, వాడికి చెప్పు" మొదలవుతుంది కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇక అక్కడ జరిగింది వాళ్ళు ముక్కలు ముక్కలుగా చెప్పిందే. అనకాపల్లి నుంచి ఘాటు ఎక్కేదాకా మా వారే నడిపారు. ఇద్దరూ ఒక్క మాటా అనుకోలేదట. చింతపల్లి వచ్చాక, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దాడి చేసిన పోలీసు స్టేషను ఈ ఊళ్ళోదే అని ఈయన అంటే, "తెలుసు" అన్నాడట మా వాడు. అదీ సంభాషణ!

అక్కణ్ణించి తిరిగొస్తూ కాఫీ తోటల పక్కన ఒక మట్టిదారి పట్టారు. ఊటనీరు పారి ఒకచోట బురద. మా వారు ఆర్‌ఎక్స్ 100 నాటి ధీమాతో ముందు బ్రేకు పట్టేశారు. బండి పక్కకి ఒరిగి ఇద్దరూ బురదలో కూర్చున్నారు. నిదానంగా పడ్డారు కాబట్టి దెబ్బలేం లేవు, మా వారి మోచెయ్యి గీరుకుంది. అప్పుడు వాడు లేచి, "నాన్నా, బురదలో ముందు బ్రేకు పట్టకూడదు. నేను దిగి నడుస్తాను. నువ్వు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడు, చక్రం వైపు కాదు, దూరంగా చూడు, గ్యాసు ఒకేలా ఇవ్వు" అన్నాడట. వాళ్ళ మావయ్య నేర్పాడు లెండి. మా వారు విన్నారు. మారుమాట లేకుండా వాడు చెప్పినట్టు నిలబడి ఆ బురద దాటించారు. నన్నడిగితే ఆ ప్రయాణం మొత్తంలో జరిగింది అదే. ఇరవై ఏళ్ళ సంసారంలో ఆయన ఒకరు చెప్పినట్టు బండి నడపడం నేను వినలేదు.

రాత్రి అద్దెకి టెంట్లు వేసే చోటే దిగారు. అడవిలో ఎక్కడ పడితే అక్కడ టెంటు వెయ్యకూడదు, మంట అసలే వెయ్యకూడదు. చలికి నిద్రపట్టక చాలాసేపు మాట్లాడుకున్నారని మాత్రం తెలుసు. ఏం మాట్లాడుకున్నారని ఇద్దర్నీ నేను అడగలేదు. మీరూ అడక్కండి. అడిగితే ఆ మాటలు మళ్ళీ మన చేతిలోకొచ్చి మనం చెప్పుకునే కబురైపోతాయి.

నాలుగు రోజులాగి ఆయనే అన్నారు, కాఫీ తాగుతూ. "వాడికి లెక్కలు మొదటి రోజునుంచీ అర్థం కాలేదటే. క్లాసులో అందరికీ అర్థమవుతున్నాయనుకున్నాడట. ఎవరికి చెప్పాలో తెలీక ఊరుకున్నాడట." అని కాసేపు గ్లాసు చేత్తో పట్టుకునే కూర్చున్నారు. ఆ ఆదివారమే మా వీధి చివర రిటైరైన లెక్కల మేష్టారి దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. తప్పిన రెంటిలో ఒకటి మొన్న గట్టెక్కింది. రెండోది ఇంకా ఉంది. ఇంట్లో గొడవలూ ఉన్నాయి, లేవని చెప్పను. కాకపోతే ఇప్పుడు నేరుగా ఒకరితో ఒకరు పడుతున్నారు.

వెనక వచ్చే మైల బట్టల సంగతి చెప్పి ముగిస్తాను. ఎర్రమట్టి అంటిన ప్యాంట్లు తడిగా ఉండగా రుద్దకండి, మట్టి లోపలికి దిగుతుంది. పూర్తిగా ఎండనిచ్చి, బ్రష్‌తో దులిపి, చన్నీళ్ళలో జాడించి, అప్పుడు సబ్బుపొడిలో నానెయ్యండి. బ్లీచింగు వద్దు, ఎర్రమట్టిలో ఇనుముంటుంది కాబట్టి మరక ఇంకా ముదురుతుంది. పరుపుల మూటా, బొంతా మంచు చెమ్మ పీల్చుకుని వస్తాయి. ఇంటికి రాగానే డాబా మీద ఎండేసి, చెయ్యి పెట్టి చూశాకే మడవండి, లేకపోతే బీరువా అంతా ముక్కిన వాసన పడుతుంది.