మీరు తిన్నారా?

ఈ పేజీలో మేము మామూలుగా హోమ్‌వర్క్ గురించో, పిల్లల మొబైల్ వాడకం గురించో రాస్తుంటాం. ఈ నెల ఎర్ర ఇంకుతో రాసిన ఒక రిమార్క్ గురించి రాస్తున్నాను. ఆ రిమార్క్ రాసింది నేనే.

మా క్లాసులో ఒక బాబు ప్రతి నెలా ఒకటి రెండు రోజులు తప్పకుండా ఆబ్సెంట్. వచ్చిన రోజుల్లో కూడా కొన్నిసార్లు లంచ్ బెల్ కాకముందే డెస్క్ మీద తల వాల్చేసేవాడు. విసిగిపోయి డైరీలో ‘ఇర్రెగ్యులర్. పేరెంట్స్ మస్ట్ టేక్ కేర్’ అని రాసి పంపాను. మర్నాడు వాళ్లమ్మ స్టాఫ్‌రూమ్ దగ్గరికి వచ్చారు. “మేడం, బాబుకు తలసేమియా. మూడు వారాలకొకసారి హైదరాబాద్ తీస్కపోయి రక్తం ఎక్కియ్యాలె. ముందే చెప్తే సీటియ్యరేమోనని చెప్పలే” అన్నారు. అప్పుడు పదకొండున్నర అయింది. కూర్చోబెట్టి, టిఫిన్ చేశారా అని అడిగితే నవ్వారు. “వాని గోలీ పరగడుపున వెయ్యాలె మేడం. వాడు తినంది నేనెట్ల తింట? తర్వాత బస్సు టైమైతది.” వాడు తిన్నాక అయినా ఆమె తినొచ్చు కదా అని నాకు అప్పుడు తట్టలేదు.

తలసేమియా మేజర్ ఉన్న పిల్లల్లో ఒంటికి సరిపడా హిమోగ్లోబిన్ తయారు కాదు. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది కాబట్టి, దాన్ని తీసేయడానికి రోజూ మందు వాడాలి. రక్తం ఎక్కించే రోజు దగ్గర పడుతున్నకొద్దీ పిల్లవాడు నీరసపడతాడు. నేను బద్ధకం అనుకున్నది అదే. ఇది పది రోజుల జ్వరం కాదు, ఏళ్ల తరబడి సాగేది. అంటే ఆ తల్లి ‘వీడికి తగ్గాక తింటా, వీడికి తగ్గాక పడుకుంటా’ అనుకుంటే ఆ రోజు రానే రాదు.

ఆమె ఇంకో మాట కూడా చెప్పారు. ఇంట్లో ‘నీ పుట్టింటి రక్తం’ అంటున్నారట. పేరెంట్స్ అందరికీ, తాతమ్మలకు, నానమ్మలకు కూడా ఇక్కడ స్పష్టంగా చెప్పాలి: తండ్రి, తల్లి ఇద్దరూ క్యారియర్లు అయితేనే బిడ్డకు ఈ జబ్బు వస్తుంది. అప్పుడు కూడా ఒక్కో కాన్పులో ఆ అవకాశం 25 శాతం. తప్పు ఒక్కరిదే అనడం సైన్సుకు నిలవదు. అసలు ఇది ఎవరి తప్పూ కాదు. మేనరికాలు ఉన్న ఇళ్లలో పెళ్లికి ముందే హెచ్‌బీఏ2 పరీక్ష చేయించుకుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. నిద్రలేమి కంటే ఈ నింద ఆమెను ఎక్కువగా తినేస్తోందని నాకనిపించింది.

ట్రైనింగుల్లో మాకు ఒక మాట చెబుతుంటారు, విమానంలో ముందు మీ మాస్క్ పెట్టుకోండి, తర్వాతే బిడ్డకు అని. వినడానికి బాగుంటుంది. కానీ మా హత్నూరలో నాన్న ఫార్మా కంపెనీలో కాంట్రాక్ట్ మీద బీ షిఫ్ట్, అమ్మ ఒక్కతే బస్సులో. యోగా చేయండి, మీకోసం గంట కేటాయించుకోండి అంటే ఆ గంట ఎవరిస్తారు? 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ ఉంది, బిడ్డకు వైద్యం కూడా దొరుకుతుంది. కానీ సిక్‌నెస్ డబ్బులు కార్మికుడికి జబ్బు చేస్తేనే వస్తాయి. బిడ్డ పక్కన కూర్చున్న రోజుకు జీతం కోతే. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తల్లులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది. ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే అమ్మకు ఏముంది?

అందుకే నా అభిప్రాయం ఇది: ఈ తల్లిదండ్రులు తమను తాము చూసుకోవాలంటే, ముందు చుట్టూ ఉన్నవాళ్లు వాళ్లకు కాస్త తెరిపి ఇవ్వాలి. 1982లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో హెలెన్ హౌస్ అని పిల్లల కోసం ఒక హాస్పిస్ మొదలైంది. అది ఎలా పుట్టిందంటే, హెలెన్ అనే చిన్నపాపకు మెదడులో కణితి వచ్చింది. రాత్రింబవళ్లు చూసుకుంటున్న ఆ అమ్మానాన్నలు కొంచెం నిద్రపోవాలని, ఒక సన్యాసిని అప్పుడప్పుడు పాపను తన దగ్గర ఉంచుకునేది. అక్కడి నుంచే అంత పెద్ద పని మొదలైంది. మన హైదరాబాద్‌లో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీని 1998లో స్థాపించిన వాళ్లలో కూడా ఈ పిల్లల తల్లిదండ్రులున్నారు. అలాంటి చోట పక్క కుర్చీలో కూర్చున్న ఇంకో అమ్మతో మాట్లాడటం మా సలహాల కంటే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

మీ వాడలో ఇలాంటి ఇల్లు ఉంటే ‘ఎట్లుంది బాబుకు’ అని అడిగి ఊరుకోకండి. హాస్పిటల్ రోజున పెద్దపాపను స్కూల్ నుంచి మీ ఇంటికి తీసుకెళ్లండి. ఆ పాప గురించి ఎవరూ అడగరు పాపం. రక్తం ఇవ్వగలిగితే ఇవ్వండి.

ఆ ఇంటి అమ్మానాన్నలతో కూడా ఒక మాట. గోలీ వేశాక బాబు కోసం ఆగే ఆ అరగంటలో మీ ప్లేటు కూడా పెట్టుకోండి, వాడితోపాటే తినండి. నాన్నగారూ, నెలకు ఒక్కసారైనా వీక్లీ ఆఫ్ రోజున మీరు తీసుకెళ్లండి, ఆ రోజు ఆమెను పడుకోనివ్వండి. మీ బీపీ, షుగర్ కూడా చూపించుకోండి. ఏడుపు ఆగకపోతే, నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబర్, తెలుగులోనే మాట్లాడతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా కూడా ఉంది, సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. అన్నిటికంటే ముందు మీ క్లాస్ టీచర్‌కు చెప్పండి. దాచిపెట్టే శ్రమ కూడా ఒక బరువే.

ఇప్పుడు బాబు డైరీ చివరి పేజీలో వాళ్లమ్మ రక్తం ఎక్కించే తేదీలు రాసి పంపుతున్నారు. వచ్చే యూనిట్ టెస్ట్ మ్యాథ్స్ పేపర్ సరిగ్గా ఆ రోజే పడింది. వాడికి మాత్రం మూడు రోజుల తర్వాత పెడదామని అడిగాను, ఇన్‌చార్జ్ మేడం సరే అన్నారు.