నీటి వెంట వెలసిన నగరము

చారిత్రక పట్టణము అనగానే మన కనులముందు కోటగోడలు, బురుజులు, అగడ్తలు, రాజద్వారములు మెదలును. చరిత్ర పాఠములు మనకు అలవరచిన చూపు అట్టిది. చైనా దేశమున యునాన్ రాష్ట్రపు వాయవ్య భాగముననున్న లిజియాంగ్ పట్టణము ఈ చూపునకు లొంగదు. దానికి కోటగోడ లేదు. దాని ఘనత ముఖ్యముగా వీధులవెంట పారు కాలువలలోను, వానిని తరతరములుగా శుభ్రముగా ఉంచుకొన్న సామాన్య గృహస్థుల నడవడిలోను ఉన్నది. ఈ సంగతి గుర్తింపనిచో లిజియాంగును చూచియు చూడనివారమే యగుదుము, రక్షింపబూనినను రక్షింపలేము.

ఈ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 2,400 మీటర్ల ఎత్తున నున్నది. ఉత్తరమున 5,596 మీటర్ల యులాంగ్ హిమశిఖరము కావలి కాయుచున్నట్లుండును. ఇచట వెలసిన నాసీ జాతివారికి సొంత భాష కలదు. వారి పురోహితులైన దోంగ్బాలు వాడు బొమ్మల లిపి కలదు. ఆ లిపిలోని ప్రాచీన గ్రంథములను యునెస్కో 2003లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది.

పట్టణము 13వ శతాబ్దమున రూపు దాల్చినది. 1253లో కుబ్లాయ్ ఖాన్ సేనలు ఈ ప్రాంతము మీదుగానే దక్షిణమునకు సాగినవి. పిమ్మట ము వంశపు నాయకులు 1723 వరకు ఏలిరి. ‘ము’ అను చైనా అక్షరము చుట్టు చతురస్రము గీసినచో అది ఇక్కట్టు అను అర్థమిచ్చు అక్షరమగును. అందుచేతనే ఆ నాయకులు ఊరికి గోడ కట్టింపలేదని జనులు చెప్పుకొందురు. కథ ఎట్లున్నను, గోడ లేని ఊరు బాటసారులకు ఆదరువైనది. యునాన్ తేయాకును గుర్రములమీద టిబెట్టునకు చేర్చు వర్తకుల దారి ఇదియే. 1942లో బర్మా మార్గము మూతపడిన పిదప, మన దేశపు కాలింపాంగ్ నుండి లాసా మీదుగా బిడారులు తెచ్చిన సరకులును ఇచటనే దిగెడివి.

ఇక నీటి సంగతి. ఊరికి ఉత్తరమున ఊటనీటితో నిండిన ఒక మడుగు కలదు. అందుండి వెడలిన ఏరు ఊరి మొదట మూడు పాయలుగా చీలి, ఆ పాయలు మరల చిన్న కాలువలై వీధి వీధికి, పలు ఇండ్ల ముంగిటికి చేరును. వానిని దాటుటకు 354 వంతెనలున్నవని లెక్క. అచ్చటచ్చట మూడు గుంటల బావులున్నవి. ఊట పుట్టు మొదటి గుంటలోని నీరు త్రాగుటకు. అది పొరలి నిండు రెండవ గుంటలోని నీరు కూరగాయలు కడుగుటకు. మూడవ గుంటలోనిది బట్టలు ఉదుకుటకు. నడిబొడ్డున సిఫాంగ్ అనబడు అంగడి చతుష్పథమున్నది. సంత ముగిసిన పిదప ప్రక్క కాలువకు అడ్డుపలక వేసినచో, నీరు పొంగి రాతిపరపు మీదుగా పారి చెత్తనంతయు కడిగివేయును. ఇది యంత్రములు లేని నాటి పారిశుద్ధ్యము. ఇందు మెచ్చదగినది ఉపాయమొక్కటియే కాదు. దిగువనున్న పొరుగువాడు కూడ ఈ నీటినే వాడునన్న ఎరుక ప్రతి గృహస్థునకును ఉన్నగాని ఇట్టి ఏర్పాటు ఒక్క దినమైనను సాగదు.

ఇండ్ల కట్టుబడియు ఇట్టి వివేకముతో కూడినదే. మూడు ప్రక్కల గదులు, నాలుగవ ప్రక్క తెల్లని తెరగోడ, నడుమ గులకరాళ్లు పరచిన వాకిలి ఒక తీరు. ఇంటి బరువును మోయునది గోడ కాదు. కుసులు తొలచి ఒకదానిలో నొకటి బిగించిన కొయ్య చట్రము. 1996 ఫిబ్రవరి 3న ఘోరమైన భూకంపము వచ్చి, ఆ ప్రాంతమున 300 మందికి పైగా మరణించిరి. అప్పుడు ప్రాత పట్టణమున అనేక గృహముల మట్టిగోడలు కూలినవి గాని, కొయ్య చట్రములు నిలిచినవి. పునర్నిర్మాణ సమయమున, ఊరి తీరుకు పొసగని క్రొత్త కట్టడములను తొలగించి ప్రాత పద్ధతినే అనుసరించిరి. మరుసటి సంవత్సరమే, 1997లో, యునెస్కో లిజియాంగును ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది.

భూకంపమునకు నిలిచిన ఊరికి కీర్తివలన చిక్కు వచ్చినది. యాత్రికులు వెల్లువగా వచ్చిరి. ఇంటి అద్దెలు పెరిగెను. నాసీ కుటుంబములనేకము తమ ఇండ్లను బయటి వర్తకులకు అద్దెకిచ్చి క్రొత్త పట్టణమునకు తరలిపోయినవి. ఆ ఇండ్లు బసలును, దుకాణములును అయినవి. చట్రము చెక్కుచెదరలేదు, చూరు చక్కగానే ఉన్నది. కాని ఆ వాకిట పెరిగిన పిల్లలు అచట లేరు.

దీనికి ఒక ఆక్షేపణ రాగలదు. ఇరుకు సందులలో, ప్రాత ఇండ్లలో కష్టపడి బ్రదుకుడని ఆ కుటుంబములను శాసించుటకు మనమెవరము? చేతికందిన ఆదాయమును వదలుకొమ్మనుట న్యాయమా? ఈ ప్రశ్న సబబైనది. ఎవరినిగాని ప్రదర్శనవస్తువుగా కట్టివేయరాదు. కాని వెడలిపోవుట లాభముగను, నిలిచియుండుట నష్టముగను చేసిన ఏర్పాటు దైవికము కాదు. మనుష్యులు చేసినదే, మనుష్యులు దిద్దగలిగినదే. ఇండ్లు బాగుచేసికొనుటకు నివాసులకు ధనసహాయమొసగు పథకములు అచట నడచినవి. ఆ దారి ఇంకను వెడల్పు కావలెను. యాత్రికులవలన వచ్చు రాబడిలో మొదటి భాగము నిలిచియున్న గృహస్థునకు చెందవలెను. బడి, వైద్యశాల, కూరగాయల అంగడి ప్రాత ఊరికి అందుబాటులో నుండవలెను. వాకిట పిల్లలుండుట కొయ్య చట్రమును కాపాడుటయంత ముఖ్యమని పాలకులు గ్రహింపవలెను.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పటముమీద లిజియాంగును చూపునపుడు రాజుల పేర్లతో ఆపివేయకుడు. నల్లబల్లమీద ఆ మూడు గుంటల బావిని గీయుడు. మూడవ గుంటవద్ద బట్టలు ఉదుకు వనిత మొదటి గుంటను ఎందుకు మురికి చేయలేదో విద్యార్థులను అడుగుడు. కావలివాడు లేడు, గోడ లేదు. అయినను ఆమె చేయలేదు. ఈ ప్రశ్నకు బాలబాలికలు వెదకికొను సమాధానమే ఆ పట్టణపు చరిత్రలో ముఖ్యమైన అధ్యాయము.