స్థాణువా, పురుషుడా?

మసక చీకటిలో దూరమున నిలువుగా ఏదియో కనబడును. అది మోడా, మనిషియా యని మనస్సు ఊగిసలాడును. ఈ స్థితికే మన తార్కికులు సంశయమని పేరిడిరి. అన్నంభట్టు తన తర్కసంగ్రహమున సంశయమునకు చూపిన ఉదాహరణ మిదియే. సంశయము విచారణకు గడప వంటిది. ఆ గడప వద్ద క్షణమైన నిలువలేనివారు రెండు తెగలు: విన్నదానినెల్ల నమ్మువారు, విన్నదానినెల్ల నవ్వి త్రోసివేయువారు. ఆకాశమున కనబడు వింత వస్తువుల విషయమున ఈ రెండు తెగల కలహము నేటికిని తీరలేదు.

1957 నవంబరు 2వ తేదీ రాత్రి అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున లెవెల్‌లాండ్ అను చిన్న పట్టణపు పోలీసు ఠాణాకు ఒక టెలిఫోను వచ్చెను. ఊరికి పడమట ట్రక్కులో పోవుచున్న యొకడు, గొప్ప వెలుగుతో ఒక వస్తువు తమ మీదుగా దూసుకొని పోయినదనియు, అది చేరువకు రాగానే ఇంజను ఆగి దీపము లారిపోయినవనియు చెప్పెను. ఠాణాలోని యుద్యోగి అది త్రాగుబోతు మాట యని తలచి ఉపేక్షించెను. కాని ఆ రాత్రియే వేర్వేరు దారులలో పోవుచున్న మోటారువారు మరికొందరు అట్టి వార్తనే తెలిపిరి. కోడిగ్రుడ్డు ఆకారమున వెలుగుచున్న పెద్ద వస్తువు ఎదురైనదనియు, బండి తనంత తానే ఆగినదనియు, ఆ వస్తువు ఎగిరిపోగానే మరల నడచినదనియు వారి మాటల సారాంశము.

అమెరికా వైమానిక దళము ఆ రోజులలో 'ప్రాజెక్ట్ బ్లూ బుక్' అను పేర ఇట్టి వార్తలను విచారించుచుండెను. దాని తరఫున వచ్చిన అధికారి కొలదిమంది సాక్షులను మాత్రమే ప్రశ్నించెను. అది బంతి ఆకారపు మెరుపనియు, తడి వలన ఇంజనులు ఆగినవనియు నిర్ణయము వెలువడెను. బ్లూ బుక్కునకు సలహాదారుగా ఉండిన ఖగోళ శాస్త్రజ్ఞుడు జె. ఆలెన్ హైనెక్ అందులకు సమ్మతించెను. ఆ రాత్రి అచట ఉరుముల వాన లేదని వాతావరణ శాస్త్రజ్ఞుడు జేమ్స్ మెక్‌డొనాల్డ్ తరువాత వాదించెను. తాను తొందరపడి సమ్మతించితినని హైనెక్ 1972లో వెలువడిన తన గ్రంథమున ఒప్పుకొనెను. ఆ గ్రంథముననే ఆయన సమీప దర్శనములను మూడు తరగతులుగా విభజించెను. బండి ఆగుట వంటి భౌతికమైన ప్రభావము కలిగినది రెండవ తరగతి.

అట్లని అన్యగ్రహవాసులు టెక్సాసు రోడ్డుపై దిగిరని చెప్పవచ్చునా? చెప్పరాదు. ఆ సంవత్సరము అక్టోబరు 4న మొదటి స్పుత్నిక్కు, నవంబరు 3న లైకా యను కుక్కతో రెండవది అంతరిక్షమున కెగసినవి. జనుల కన్నులన్నియు ఆకాశము మీదనే ఉన్న కాలమది. మనస్సున మెదలునది కంటికి కనబడుట క్రొత్తగాదు. అయినను ఊహ వలన ఇంజను ఆగునా యను ప్రశ్నకు బదులు కావలెను. ఆ బదులు వెదకదగిన సమయమున తొందరపాటు అడ్డుపడెను. నమ్మకమైనను, పరిహాసమైనను చేయు నష్టమిదియే: సాక్ష్యము చల్లారిపోవును.

బ్లూ బుక్కు 1969లో మూతపడునాటికి 12,618 వార్తలు చేరగా, 701 మాత్రము గుర్తింపబడక మిగిలెను. గుర్తింపబడనిది యనగా గుర్తింపబడనిదియే; పరలోకము నుండి వచ్చినదని అర్థము కాదు. 2023లో నాసా నియమించిన నిపుణుల సంఘము సైతము, ఇవి అన్యలోకములకు చెందినవనుటకు ఆధారము లేదనియు, మేలైన సమాచారమును సేకరింపవలెననియు చెప్పెను.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. వింతను చూచితినని విద్యార్థి చెప్పిన నాడు వానిని తరగతిలో నవ్వులపాలు చేయవలదు. వెంటనే తల యూపవలదు. ఏ దిక్కున చూచితివి, ఎంతసేపు చూచితివి, పక్కన ఎవరుండిరి యని అడుగుడు. కన్ను చూచినదెంత, మనస్సు కల్పించినదెంత, ఇతరులు చెప్పినదెంత యని విడదీసి వ్రాయింపుడు. ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అను ప్రమాణములను ఇంతకంటె చక్కగా బోధించు పాఠము వేరొకటి లేదు. ఇంకను తెలియనిచో "తెలియలేదు" అని వ్రాయుట కూడ విద్యయే.

మోడో, మనిషియో తెలియవలెనన్న దగ్గరకు నడువవలెను. దూరమున నిలిచి మ్రొక్కువాడును, దూరమున నిలిచి నవ్వువాడును ఒక్క అడుగైనను ముందుకు వేయనివారే.