చలిదేశంలో మల్లెకుండీ

మీ అమ్మాయి షికాగోలో కుండీలో మల్లెమొక్క పెంచుతోందా? అయితే ఈ నాలుగు మాటలూ ఫోన్లో చెప్పండి. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కి దిగకముందే కుండీని ఇంట్లోకి తెచ్చేయాలి. తెచ్చేముందు ఆకుల అడుగున పురుగులుంటే నీళ్లతో కడగాలి. దక్షిణపు కిటికీ దగ్గర ఎండ తగిలేలా పెట్టాలి. హీటరు గాలి నేరుగా తగలకూడదు. కొత్తచోట కొన్ని ఆకులు రాలతాయి. ‘అయ్యో, ఎండిపోతోంది’ అని రోజూ నీళ్లు పోయొద్దనండి! చలికాలంలో మొక్క నీళ్లు తక్కువే తాగుతుంది. ఎక్కువైతే వేళ్లు కుళ్లి చచ్చిపోతుంది. పైమట్టి వేలికి పొడిగా తగిలాకే పోయాలి. అప్పుడు ఎరువూ అక్కర్లేదు. వసంతంలో కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్లకు మొగ్గలు వస్తాయి. మంచు భయం పోయాక, మే నెలాఖరున బయటపెట్టాలి. మొదటి వారం నీడలోనే సుమండీ!