పార్టీ గాలి కాదు, మనిషిని చూసి వేసిన ఓటు



అమెరికాలో అలాస్కా రాష్ట్రం మొత్తానికీ దిగువ సభలో ఒక్కటే సీటు. మనకున్నట్టు రిజర్వేషన్ లేదు. అయినా 2022లో యూపిక్ తెగ బిడ్డ మేరీ పెల్టోలా గెలిచారు. అలాస్కా మూలవాసుల్లోంచి కాంగ్రెస్‌కు వెళ్లిన మొదటి మనిషి ఆమె.

2024లో ఓడిపోయారు. పార్టీ గాలికి జనం కొట్టుకుపోయారనుకుంటే పొరపాటే. లెక్క చూడండి. అదే రోజు అక్కడ అధ్యక్ష ఓటులో ట్రంప్‌కు 54 శాతం దాటింది, హారిస్‌కు 41. హారిస్ పార్టీకే చెందిన పెల్టోలాకు మొదటి ప్రాధాన్య ఓట్లు 46 శాతం, చివరి లెక్కలో దాదాపు 49. అంటే పైన ఒక పార్టీకి వేసి, కింద సాల్మన్ చేపల గురించి, ఊళ్ల బతుకు గురించి మాట్లాడిన ఈమెకు వేసినోళ్లు వేలల్లో ఉన్నట్టే.

మన అరకు లాంటి రిజర్వ్ సీట్లలో మన మనిషే గెలుస్తాడు, నిజమే. కానీ గెలిచాక మాట్లాడేది మన తరఫునా, పార్టీ తరఫునా? 1/70 చట్టం, పోడు పట్టాలు, హాస్టళ్ల సంగతి అడగకుండా గుర్తు చూసి గుద్దేస్తే, సీటు మనది, నోరు మాత్రం వాళ్లది.

ఈసారి ఊరికొచ్చిన ప్రతి అభ్యర్థినీ ముందు అడుగుదాం. ఓటు తర్వాత.